లారీ మనది, కిరాయి ఎవరిది?

ఒక్క లారీ ఉన్న మనిషిని ఊళ్లో అందరూ ఓనరు అనే పిలుస్తారు. ఆర్.సి. మీద ఆయన పేరే ఉంటుంది, దాని పక్కనే ఫైనాన్సు కంపెనీ పేరూ ఉంటుంది. కిస్తీ కట్టేది ఆయన. టైరు పేలితే అప్పుకు తిరిగేది ఆయన. డ్రైవరు రాని రోజు స్టీరింగు పట్టేదీ ఆయనే. ఇన్ని బాధ్యతలు మోస్తున్న ఈ ఓనరుకు తన బండి మోసిన సరుకుకు అసలు కిరాయి ఎంతో తెలియదు. సరుకు పంపినవాడు ఎంత ఇచ్చాడు, నడుమ ఎవరెవరు ఎంత మిగుల్చుకున్నారు, తన చేతికి ఎంత వచ్చింది అనే మూడు లెక్కల్లో ఆయనకు తెలిసేది చివరిదొక్కటే.

ఈ ఓనర్లు ఎవరు? ఇరవై ఏండ్లు మందిబండి నడిపి చివరికి సొంత బండి చేసుకున్న డ్రైవర్లు. గల్ఫుకు పోయి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు. రెండెకరాలు అమ్మి డౌన్ పేమెంటు కట్టిన రైతుబిడ్డలు. సింగరేణిలో రిటైరైన తండ్రి పైసలతో పాత బండి కొన్న కొడుకులు. ఈ పత్రిక చదివే విద్యార్థుల్లో, ఉద్యోగుల్లో ఎంతమంది ఇండ్లల్లో ఇటువంటి లారీ ఒకటి ఉందో మీకే తెలుసు. అందుకే ఈ వారం ఈ సంగతి.

సరుకు నడక చూడండి. ఫ్యాక్టరీ ఏడాదికోసారి రవాణా కాంట్రాక్టు ఒక పెద్ద లాజిస్టిక్స్ కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీకి బండ్లు అవసరమంత ఉండవు కాబట్టి అది ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చెబుతుంది. ఆ ఆఫీసు ఆటోనగర్‌లోనో బైపాసు పక్కనో కూర్చున్న బుకింగ్ బ్రోకరుకు ఫోను చేస్తుంది. బ్రోకరు ఓనరుకు చెబుతాడు. ఇప్పుడు సెల్‌ఫోనులో యాప్‌లు వచ్చాయి, బ్రోకరు పోయాడని సంబరపడ్డవాళ్లున్నారు. యాప్ తెరిచి చూస్తే లోడు పెట్టింది చాలాసార్లు అదే బ్రోకరు. కుర్చీ మారింది, మనిషి మారలేదు.

లెక్క కోసం ఒక ఖేపు చూద్దాం. పది టైర్ల లారీ, పోను 300 కిలోమీటర్లు, రాను 300. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే 150 లీటర్లు, లీటరు 95 రూపాయలనుకుంటే 14,250. డ్రైవరు, క్లీనరు బత్తా 2,500. టోలు 2,000. టైర్ల అరుగుదల కిలోమీటరుకు మూడు రూపాయల చొప్పున 1,800. ఆయిలు, గ్రీజు, చిన్న రిపేర్లు 900. ఇక చాలామంది మరిచిపోయే ఖర్చు ఒకటుంది. నెల కిస్తీ 45,000, ఇన్సూరెన్సు, టాక్సు, ఫిట్‌నెస్ కలిపి నెలకు 10,000 వేసుకుంటే, నెలలో బండి తిరిగే 25 రోజులకు రోజుకు 2,200. ఖేపుకు మూడు రోజులు పడితే 6,600. మొత్తం 28,050 రూపాయలు.

ఇప్పుడు సరుకు యజమాని ఇచ్చింది 34,000 అనుకుందాం. నడుమ చేతులు దాటి, బ్రోకరు కమీషన్ పోను ఓనరుకు అందింది 26,000 అయితే, ఉత్త బండి తిరిగొస్తే 2,050 నష్టం. అదే ఓనరు సరుకు యజమానితో నేరుగా మాట్లాడి, రెండు వేలు తగ్గించి 32,000కు ఒప్పుకుంటే, ఉత్తగా తిరిగొచ్చినా 3,950 మిగులుతుంది. సరుకు యజమానికీ రెండు వేలు లాభమే. అంకెలు బండిని బట్టి, రోడ్డును బట్టి మారుతాయి. కానీ తన బండి కిలోమీటరుకు ఎంత తింటుందో నోటు పుస్తకంలో రాసుకోని ఓనరు ఏ పార్టీ దగ్గర కూర్చున్నా మోసపోతాడు. డీజిలు, బత్తా, టోలు తీసేసి మిగిలిందంతా లాభమనుకునే అలవాటు మన లారీలను మింగినంతగా ఏ బ్రోకరూ మింగలేదు.

బ్రోకరును తిట్టడం సులువు. కానీ ఆయన చేసే పని కూడా ఒప్పుకోవాలి. పొద్దున డీజిలుకు అడ్వాన్సు ఇచ్చేది ఆయన. ముక్కు మొహం తెలియని ఊళ్లో తిరుగు లోడు చూపించేది ఆయన. పార్టీ పైసలు ఆపితే వెంటపడేది కూడా కొన్నిసార్లు ఆయనే. ఈ మూడు పనులూ మనం చేసుకోగలిగినప్పుడే నేరు పార్టీ మాట. ఒక్కరోజులో బుకింగ్ ఆఫీసుకు దండం పెట్టి వచ్చేస్తే రెండో నెలకే కిస్తీ తప్పుతుంది. నెలకు పది ఖేపులు వేసే బండి మొదట రెండు మూడు ఖేపులు సొంత పార్టీకి వేయాలి, మిగతావి పాతదారిలోనే నడవాలి. ఆ రెండు నిలబడ్డాక నాలుగు, ఆరు.

ఎవరి దగ్గరికి పోవాలి? చాలామంది నేరుగా పెద్ద కంపెనీ గేటు ముందుకు పోయి వాచ్‌మన్ చేత తిరిగి పంపించుకుంటారు. పెద్ద కంపెనీకి ఒక్క లారీతో పని లేదు. ఇరవై బండ్లు ఒకేసారి పెట్టగలవాడు కావాలి, రెండు మూడు నెలలు బిల్లు ఆగినా తట్టుకోగలవాడు కావాలి. ఒంటి లారీకి పార్టీ అంటే నడిమి తరగతి వ్యాపారి. మిర్యాలగూడ రైసు మిల్లు, వరంగల్, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు, ఖమ్మం మిర్చి కోల్డ్ స్టోరేజీ, తాండూరు బండల పాలిషింగు యూనిట్, మేడ్చల్ వైపు విత్తనాల గోదాములు, కోళ్ల దాణా మిల్లు, రామగుండం చుట్టూ ఫ్లైయాష్ ఇటుకల బట్టీలు, పీవీసీ పైపుల ఫ్యాక్టరీ, జిల్లా సిమెంటు డీలరు. వీళ్లకు వారానికి రెండు మూడు లోడ్లు ఉంటాయి. సొంత లారీ కొనేంత పని ఉండదు, ఎవడినో ఒకడిని నమ్మాలన్న అవసరం ఉంటుంది. మన జాగా అదే.

ఈ జాగాలో కూడా బేరం సేఠుతో కాదు, డిస్పాచ్ చూసే గుమాస్తాతో మొదలవుతుంది. లోడు ఉందా అని అడిగితే లేదు అనే జవాబే వస్తుంది, రోజుకు పదిమంది అదే అడుగుతారు. పోయిన నెల మీకు ఎక్కడ బండి ఆలస్యమైంది, ఎక్కడ తడిసింది, ఎక్కడ తూకం తక్కువ పడింది అని అడిగితే మనిషి కుర్చీ చూపిస్తాడు. సోమ, గురువారాలు పొద్దున ఏడింటికి బండి మీ గేటు దగ్గర ఉంటుంది, తాడిపత్రి రెండు పొరలు వేస్తాం, కాంటా చీటీ దించిన రోజే ఫోనులో పంపుతాం అని చెప్పగలిగితే సగం బేరం అయినట్టే. పెద్ద ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇవ్వలేనిది ఇదే. అక్కడ రోజుకో బండి, పూటకో డ్రైవరు. ఇక్కడ బండి ఓనరే స్టీరింగు మీద ఉంటాడు.

చేతిలో ఒక ఫైలు ఉండాలి. ఆర్.సి., పర్మిటు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్, డ్రైవరు లైసెన్సు, పాన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం. వీటి జిరాక్సులు ఒక సెట్టు పార్టీ దగ్గర వదిలి రావాలి. గ్లవ్ బాక్సులో మడతపడ్డ కాగితాలు పోలీసుకు చూపించడానికి పనికొస్తాయేమో, పార్టీకి కాదు.

అన్నిటికన్నా దగ్గరి దారి ఒకటుంది, మనవాళ్లు దాన్నే తొక్కరు. సరుకు దించిన చోట ఉన్న వ్యాపారి కూడా పార్టీయే. మిర్యాలగూడ బియ్యం హైదరాబాదు గోదాములో దించాక లారీ నేరుగా బ్రోకరు వాకిట్లోకి పోతుంది. ఆ గోదాముకు ఎదురుగా ఉన్న నాలుగు షాపులు నల్లగొండ జిల్లాకే వారం వారం సరుకు పంపుతుంటాయి. హమాలీలు దించుతున్న రెండు గంటలు సీట్లో పండుకోకుండా ఆ వీధి తిరిగి వచ్చేవాడికి ఆరు నెలల్లో తిరుగు లోడు సొంతమవుతుంది. ఎప్పుడూ ఒకే రోడ్డు మీద తిరిగే బండికే ఇది సాధ్యం. ఈరోజు నాగపూరు, రేపు చెన్నై అని తిరిగే బండిని ఏ పార్టీ గుర్తుపెట్టుకోదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బ్రోకరు చూపించిన పార్టీని బ్రోకరు వెనుక నుంచి పోయి పట్టుకోవడం నేరు పార్టీ కాదు, నమ్మకద్రోహం. పార్టీ కూడా దాన్ని మెచ్చడు. రేపు తనను కూడా ఇట్లాగే దాటిపోతాడని అనుకుంటాడు. ఆటోనగర్‌లో ఆ పేరు పడ్డ బండికి కష్టకాలంలో ఎవడూ లోడు చూపించడు.

బేరం కుదిరాక నోటిమాట మీద వదలొద్దు. ఒక తెల్లకాగితం చాలు. కిరాయి టన్నుకా, ఖేపుకా? టన్నుకైతే తక్కువలో తక్కువ ఎన్ని టన్నుల కిరాయి గ్యారంటీ? ఎక్కించే, దించే హమాలీ ఖర్చు ఎవరిది? ఒక రోజు దాటితే హాల్టింగు ఎంత? షార్టేజీ ఎంతవరకు మాఫీ? డీజిలు ధర ఇంత పెరిగితే కిరాయి ఎంత పెరుగుతుంది? పైసలు ఎన్ని రోజుల్లో? ఈ ఏడు ముక్కలు రాసి ఇద్దరూ సంతకం పెడితే తర్వాత తగాదా ఉండదు. హాల్టింగు మాట రాయకుండా వదిలేసిన ఓనరు బండి గోదాము ముందు మూడు రోజులు నిలబడి ఖేపు లాభమంతా అక్కడే తినేస్తుంది.

లోడు ఎంత? 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు పెంచాక పది టైర్ల బండి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. దానికి మించి ఎక్కించి కిరాయి తగ్గించుకునే పోటీలో మనం దిగొద్దు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఓవర్‌లోడుకు 20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రాసి ఉంది. ఆ జరిమానా కట్టేటప్పుడు పార్టీ ఫోను ఎత్తడు.

చట్టాల సంగతి చెబితే ఓనర్లు భయపడతారు. తెలుసుకున్నవాడికి ఇందులో భయం కన్నా బలమే ఎక్కువ. జీఎస్టీలో రోడ్డు మీద సరుకు మోయడం మీద పన్ను లేదు, బిల్టీ ఇచ్చే ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీ మీదే ఉంది. లారీని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు కిరాయికి ఇచ్చినంతకాలం ఓనరుకు ఆ గొడవ లేదు. సొంతంగా బిల్టీ పుస్తకం కొట్టించిన రోజు ఆయన ఏజెన్సీ అవుతాడు. అయినా పార్టీ కంపెనీయో, ఫ్యాక్టరీయో, రిజిస్టరైన వ్యాపారో అయితే 5 శాతం పన్ను రివర్స్ ఛార్జ్ కింద ఆ పార్టీయే కట్టుకునే వెసులుబాటు ఉంది. వ్యవసాయ ఉత్పత్తులు, పాలు, ఉప్పు, బియ్యం, పప్పులు, పిండి వంటి వాటి రవాణాకు మినహాయింపు ఉంది. ఇది చెప్పలేక ఎంతోమంది ఓనర్లు రైసు మిల్లు గేటు దగ్గర మీకు జీఎస్టీ నంబరు లేదు పొమ్మంటే వెనక్కి తిరిగి వస్తున్నారు.

బిల్టీ మీద అందరి సరుకూ మోస్తామని ఆఫీసు తెరిస్తే మాత్రం 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్టరు కావాలి. ఈ చట్టం బ్రోకర్లకు, బుకింగ్ కంపెనీలకు కూడా వర్తిస్తుంది. సరుకు పాడైతే, పోతే బాధ్యత ఎవరిదో ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి సొంత బిల్టీ రాసేవాడు బండి ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవద్దు. బండి ఇన్సూరెన్సు బండికే, లోపలి సరుకుకు కాదు. సరుకు ఇన్సూరెన్సు పార్టీ చేయించాడా లేదా ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

ఈ-వే బిల్లు అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్ 1న, మన రాష్ట్రం లోపలి రవాణాకు అదే నెల 15న వచ్చింది. 2021 నుంచి ఒక రోజు గడువుకు 200 కిలోమీటర్లు. బండి చెడిపోయి గడువు దాటితే ముందో వెనుకో ఎనిమిది గంటల్లోపు పొడిగించుకోవచ్చు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉన్నప్పుడు ఇదంతా వాళ్ల కంప్యూటరు చూసుకునేది. నేరు పార్టీ అయితే ఓనరే చూసుకోవాలి. ఇంట్లో డిగ్రీ చదివే కొడుకో బిడ్డో ఉంటే ఇది పది నిమిషాల పని. టీడీఎస్ సంగతీ అంతే. పది బండ్లకు మించని ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే పార్టీ కిరాయిలో టీడీఎస్ కోయాల్సిన పని లేదు. అడగక కోయించుకుంటున్నారు.

అసలు యుద్ధం పైసల దగ్గర. నేరు పార్టీలో కిరాయి ఎక్కువ, కానీ అడ్వాన్సు తక్కువ, బాకీ ఎక్కువ. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006లోనే ఉంది. ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకుంటే 15 రోజుల్లోపు పైసలు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్ను లెక్కల్లో మరో ముడి పడింది. గడువు దాటినా చిన్న సంస్థలకు ఇవ్వని బాకీని వ్యాపారి ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. ఒక్క లారీ కూడా ఈ చట్టం కింద సూక్ష్మ సంస్థే. ఉద్యమ్ నమోదుకు రూపాయి ఖర్చు లేదు. బిల్లు మీద ఆ నంబరు అచ్చు వేయించిన ఓనరు బిల్లును మిల్లు అకౌంటెంటు అడుగుకు నెట్టడు. అయినా చట్టాన్ని జేబులో పెట్టుకుని బాకీ పెంచుకోవడం తెలివి కాదు. కొత్త పార్టీ దగ్గర రెండు ఖేపుల కిరాయి బాకీ ఉండగా మూడో ఖేపు ఎక్కించొద్దు.

ఒంటరి లారీకి హద్దు ఒకటుంది. బండి వర్క్‌షాపులో ఉన్న వారం పార్టీ ఎవరిని పిలవాలి? అక్కడే నేరు పార్టీ జారిపోతుంది. ఒకే రోడ్డు మీద తిరిగే నలుగురైదుగురు ఓనర్లు ఒక మాట మీద ఉంటే ఒకరి బండి ఆగినా ఇంకొకరిది పోతుంది. ఒకే రేటు, ఒకే కాగితం, ఎవరి పార్టీ కిరాయి వాళ్లదే. సొసైటీగా రిజిస్టరైతే ఇంకా మంచిది. హిమాచల్‌లో బర్మాణా, దార్లాఘాట్ సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీ ఓనర్ల సొసైటీలే ఫ్యాక్టరీతో నేరుగా కూర్చుని కిరాయి మాట్లాడతాయి. 2022 డిసెంబరులో కిరాయి తగ్గించమని కంపెనీ రెండు ఫ్యాక్టరీలూ మూసేస్తే 67 రోజులు నిలబడ్డారు. చివరికి టన్నుకు కిలోమీటరుకు చిన్న బండికి 10.30, మల్టీ యాక్సిల్‌కు 9.30 దగ్గర తెగింది. పాత రేటు కన్నా తగ్గింది నిజమే. కానీ బ్రోకరు చెప్పిన రేటుకు తలూపలేదు, ఎదురుగా కూర్చుని తెంచుకున్నారు. మన దగ్గర లారీ అసోసియేషన్లలో సీరియల్ పద్ధతి ఉంది. రేక్ దిగినప్పుడు, సీజనులో అది చిన్నవాడిని కాపాడుతుంది. అదే సీరియల్ పేరుతో పార్టీ కోరుకున్న బండిని గేటులోకి రానివ్వకపోతే, వరుసలో ముందున్న పాత నాయకుల బండ్లకే మేలు. దీని మీద అసోసియేషన్లలో మొహమాటం లేని చర్చ జరగాలి.

ఇక అందరికన్నా పెద్ద పార్టీ సర్కారు. యాసంగి, వానాకాలం వడ్లు కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు చేరాలి. ప్రతి సీజనులో లారీలు రాక వడ్లు కుప్పల మీదే తడుస్తాయి, రైతు రోడ్డెక్కుతాడు. అదే వారం అదే మండలంలో లోడు లేక లారీలు ఆగి ఉంటాయి. కారణం టెండరు. ఇన్ని బండ్లు చూపించాలనే షరతు పెడితే పెద్ద కాంట్రాక్టరుకే దక్కుతుంది. ఆయన ఒంటి లారీల వాళ్లనే తక్కువ కిరాయికి పిలుస్తాడు. ఆ కిరాయి గిట్టక బండ్లు వేరే లోడుకు పోతాయి. రైతు గోస, లారీ ఓనరు గోస ఒకే కాగితంలో పుట్టినవే. టెండరును మండలానికో, రెండు మండలాలకో చిన్న ముక్కలు చేయాలి. స్థానిక ఓనర్ల సొసైటీలు వేసే వీలుండాలి. ధరావతు వాటికి తగినట్టు తగ్గాలి. కిరాయి బిల్లు కాంట్రాక్టరు చేతుల మీదుగా కాకుండా బండి ఓనరు ఖాతాలో పడాలి.

పౌర సరఫరాలు, మార్కెటింగు, గిడ్డంగుల శాఖల్లో పనిచేసే ఉద్యోగులకు ఈ షరతులు ఎవరు, ఎప్పుడు రాస్తారో తెలుసు. తెలిసింది ఓనర్లకు చెప్పడం నేరం కాదు, టెండరు నోటీసు పబ్లిక్ కాగితమే. 2014 జూన్ తర్వాత రాష్ట్ర సరిహద్దు దాటితే పర్మిటు సమస్య వచ్చింది. స్టేటు పర్మిటు బండి కోదాడ నుంచి జగ్గయ్యపేటకు పోవాలన్నా అడ్డంకే అయినప్పుడు ఓనర్లు రెండు రాష్ట్రాలకూ సింగిల్ పర్మిటు కావాలని అడిగారు. అట్లా అడగగలిగినవాళ్లు ఇదీ అడగగలరు. అడగాల్సిన సమయం కోతలు మొదలయ్యాక కాదు. టెండరు ముసాయిదా జిల్లాలో తయారయ్యే నెలలోనే అసోసియేషన్ వాళ్లు, కొనుగోలు కేంద్రాల మహిళా సంఘాల వాళ్లు, రైతులు ఒకే దరఖాస్తు మీద సంతకాలు పెట్టి కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకోవాలి.